కానుకకు పేరు చీటీ: ఇంట్లో చేసుకునే గిఫ్ట్ ట్యాగ్‌లలో దేనిని ఎప్పుడు ఎంచుకోవాలి

పెండ్లికో గృహప్రవేశానికో వచ్చిన కానుకలను ఇంటివారు విప్పేది సాధారణంగా చుట్టాలు వెళ్ళిపోయి సందడి తగ్గిన తరువాతే. అప్పటికి ఏ డబ్బా ఎవరి చేతిమీదుగా వచ్చిందో ఎవరికీ గుర్తుండదు. నగదుగా పెట్టిన కట్నాలను పుస్తకంలో ఇంటిపేరుతో, ఊరిపేరుతో సహా రాయించుకుంటారు కనుక అక్కడ ఇబ్బంది రాదు. వస్తువుగా వచ్చిన కానుకకు మాత్రం దానికి కట్టిన చీటీ ఒక్కటే ఆధారం. రేపు ఆ ఇచ్చినవారి ఇంట్లో శుభకార్యం జరిగినప్పుడు తిరిగి పెట్టవలసిన మర్యాద కూడా ఆ చీటీమీది పేరును బట్టే నడుస్తుంది. అందువల్ల గిఫ్ట్ ట్యాగ్‌ను ముందు రాతపత్రంగా, తరువాత అలంకారంగా చూడాలని నా అభిప్రాయం. కాగితాలను, కలాలను, దారాలను, అలంకరణ పద్ధతులను ఇక్కడ పోల్చేటప్పుడు నేను పెట్టుకున్న కొలబద్ద కూడా అదే: కానుక విప్పే రోజున పేరు స్పష్టంగా చదవగలిగేలా ఉండాలి, చీటీ కట్టినచోటే ఉండాలి.

వరంగల్ చౌరస్తా, జేపీఎన్ రోడ్, హన్మకొండ చౌరస్తా ప్రాంతాల్లోని స్టేషనరీ, ఫ్యాన్సీ దుకాణాల్లో తయారు ట్యాగ్‌లు దొరుకుతాయి కదా, ఇంట్లో చేయడం ఎందుకని అడిగేవారుంటారు. ఒకటి రెండు కానుకలకైతే ఆ ప్రశ్న న్యాయమైనదే. వాటికోసం పంచ్, కట్టర్, రంగుల ప్యాడ్ అన్నీ కొనడం దండగ. అయితే తయారు ట్యాగ్‌లలో ఎక్కువ భాగం ఇంగ్లీషులో ‘టు’, ‘ఫ్రమ్’ అని అచ్చువేసి, వాటి పక్కన రెండు చిన్న గీతలు గీసి ఉంటాయి. ఇంటిపేరు, పేరు, ఊరు రాయవలసిన మనకు ఆ గీతలు చాలవు. ఒకే పేరుగల మనుషులు ఒకే బంధువర్గంలో ముగ్గురు నలుగురు ఉండడం మన దగ్గర మామూలే కాబట్టి, ‘రాజు మామయ్య’ అని రాసి వదిలేస్తే విప్పేవారికి ఏమీ తెలియదు. పది కానుకలు దాటినా, తిరిగి ఇచ్చే రిటర్న్ గిఫ్ట్‌ల వంటి పెద్ద లెక్క ఉన్నా, ఇంట్లో చేసుకోవడమే మేలు.

కాగితం సంగతి

కాగితం మందాన్ని దుకాణదారులు జీఎస్ఎం అనే లెక్కలో చెబుతారు. అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. జిరాక్స్ సెంటర్లలో వాడే మామూలు కాగితం 70 లేదా 80 జీఎస్ఎం ఉంటుంది. గట్టి ఆహ్వాన పత్రికలు 250 నుంచి 300 వరకు ఉంటాయి. ట్యాగ్‌కు 200 నుంచి 300 మధ్య మందం సరిపోతుంది. 150 కంటే పలుచనిదైతే, పంచ్ చేసిన రంధ్రం దగ్గర దారం లాగినప్పుడు చిరుగుతుంది. 300 దాటితే ఇంట్లోని చిన్న పంచ్ మొరాయిస్తుంది, కత్తెరతో కోస్తే అంచు నలుగుతుంది. పలుచని కాగితమే చేతిలో ఉంటే రెండు పొరలు అతికించి, బరువు కింద ఆరబెట్టి వాడుకోవచ్చు.

పిల్లల ప్రాజెక్టుల కోసం కొనే రంగుల చార్టు అన్నిటికంటే చవక, గల్లీ దుకాణంలో కూడా దొరుకుతుంది. పెద్ద చార్టు ఒకటి ఇంచుమించు 56 సెంటీమీటర్ల వెడల్పు, 71 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. 9 సెంటీమీటర్ల కొలతను వెడల్పు వైపు, 5 సెంటీమీటర్ల కొలతను పొడవు వైపు పెట్టి గీసుకుంటే ఒక్క చార్టులో 84 ట్యాగ్‌లు వస్తాయి. దిక్కు మార్చి గీస్తే 77 మాత్రమే వస్తాయి కనుక కోసే ముందు ఈ చిన్న లెక్క వేసుకోవడం మంచిది. చార్టుకున్న లోపమల్లా అది పలుచగా ఉండడం, దుకాణంలో చుట్టి పెట్టడం వల్ల కోసిన ముక్కలు కూడా వంపు తిరిగి ఉండడం. రాత్రంతా పుస్తకాల కింద పెడితే వంపు పోతుంది, పలుచదనం పోదు. చార్టును నేను వెనుక పొరగానే సిఫారసు చేస్తాను.

రాతకు ఐవరీ కార్డు షీటును మించినది లేదు. ఉపరితలం నునుపుగా ఉండి కలం జారుతూ పోతుంది, సిరా పాకదు, తెల్లటి నేలమీద ఏ రంగైనా తేలుతుంది. ఎ4 కొలతలో కొంటే వెడల్పును నాలుగు భాగాలు, పొడవును మూడు భాగాలు చేసి, వృథా లేకుండా పన్నెండు ట్యాగ్‌లు కోసుకోవచ్చు. ఒక్కొక్కటి ఇంచుమించు 5.2 సెంటీమీటర్ల వెడల్పు, 9.9 సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. మొదటిసారి చేసేవారు దీనితోనే మొదలుపెట్టాలి.

గోధుమరంగు క్రాఫ్ట్ షీటుకు ఇప్పుడు ఆదరణ ఎక్కువ. సుతిలి దారంతో కలిసినప్పుడు దాని అందమే వేరు, నల్ల రీఫిల్ పెన్నుతో రాసిన తెలుగు దానిమీద చక్కగా కనిపిస్తుంది. అయితే పసుపు, నారింజ, లేత ఎరుపు రంగులు ఆ నేలలో కలిసిపోతాయి. ఇంకొక ఇబ్బంది మన పిండివంటలతో వస్తుంది. సంక్రాంతికి బిడ్డ ఇంటికి సకినాలు, అరిసెలు, గరిజెలు పంపేటప్పుడు నూనె ఏ మాత్రం తగిలినా క్రాఫ్ట్ కాగితం పీల్చుకుని మచ్చపడుతుంది, ఆ మచ్చమీది అక్షరం మసకబారుతుంది. పిండివంటల డబ్బాకు ట్యాగ్ కట్టవలసి వస్తే, వెనుకవైపు పారదర్శకమైన వెడల్పు టేపు అంటించిన కార్డునో పాత పెండ్లి పత్రికనో వాడటం క్షేమం.

చేతి కాగితాన్ని ఎక్కువగా నూలు గుడ్డ వ్యర్థాలతో చేస్తారు. దాని గరుకుదనం, చిరిగినట్టుండే అంచు చూడగానే ఆకట్టుకుంటాయి. రాతకు మాత్రం అది మొండిది. సన్నని కలం ములుకు పోగుల్లో చిక్కుకుంటుంది, మార్కర్ సిరా పక్కలకు పాకుతుంది, జిరాక్స్ యంత్రం అచ్చువేసినా ఎత్తుపల్లాలవల్ల అక్షరాలు అక్కడక్కడ పట్టవు. ధర కూడా ఎక్కువే. అందుకే దానిని నేలగా వేసి, మధ్యలో చిన్న ఐవరీ ముక్క అతికించి, పేరు ఆ ముక్కమీద రాయాలి. ఒక చేతి కాగితాన్ని పొదుపుగా ఎన్నో ట్యాగ్‌లకు వాడుకునే మార్గం కూడా ఇదే.

ఇక ఉచితంగా దొరికేవాటిలో మొదటిది పాత పెండ్లి పత్రిక. ప్రతి ఇంట్లోనూ అల్మారా పైఅరలో ఒక కట్ట ఉండనే ఉంటుంది. మందం సరిగ్గా ట్యాగ్‌కు తగినట్టు ఉంటుంది, బంగారు అంచులు, పూల తీగెలు, ఏనుగులు, నెమళ్ళు ముందే అచ్చై ఉంటాయి కనుక అలంకారపు పని సగం తగ్గుతుంది. కొన్ని విషయాలు మాత్రం గుర్తుంచుకోవాలి. దేవుడి బొమ్మ, ‘శ్రీరస్తు’, ‘శుభమస్తు’ అన్న మాటలు ఉన్న భాగాన్ని కత్తిరించడానికి పెద్దలు చాలామంది ఒప్పుకోరు; ఆ ముక్కను అట్లాగే పక్కకు తీసిపెట్టి, మిగిలిన అంచులనూ లోపలి కవరునూ వాడుకుంటే ఎవరి మనసూ నొచ్చుకోదు. మూలలకు పూసిన పసుపు కుంకుమల మరకను కూడా కత్తిరించి తీసెయ్యాలి, ఎందుకంటే తడి తగిలితే అది పట్టుచీరకు అంటుకుంటుంది. మెరిసే బంగారు పూతమీదా ప్లాస్టిక్ పొరమీదా రీఫిల్ పెన్ను రాయదు, తెల్ల జిగురు పట్టదు. అక్కడ రాత తప్పకపోతే పర్మనెంట్ మార్కర్, అతికింపు తప్పకపోతే డబుల్ సైడ్ టేపు వాడాలి. పత్రిక లోపలి పుట మెరుపు లేకుండా ఉంటే, ఆ వైపునే రాతకు పెట్టుకుని బంగారు వైపును వెనుకకు తిప్పడం అన్నిటికంటే తేలిక.

కొత్త చొక్కా మడతలో, చీర పెట్టెలో వచ్చే అట్టముక్కలు కూడా బలమైన ట్యాగ్‌లవుతాయి. బూడిదరంగు అట్టమీద నేరుగా రాస్తే కళ ఉండదు కాబట్టి పైన రంగు కాగితం అతికించాలి. పెద్ద గంపలకు, స్టీలు సామానుకు, బస్సులోనో రైలులోనో దూరం వెళ్ళే సారెకు ఇంతకంటే గట్టి పునాది ఇంట్లో దొరకదు.

తెలుగులో రాసే ట్యాగ్‌కు ప్రత్యేకంగా చూడవలసినవి

ట్యాగ్‌ల గురించి వీడియోల్లో కనిపించే కొలతలన్నీ ఇంగ్లీషు అక్షరాలను మనసులో పెట్టుకుని చెప్పినవే. రంధ్రం పైన, ట్యాగ్ నిలువుగా, రాత అడ్డంగా అన్నది వాటి పద్ధతి. అట్లా చేస్తే మనకు రాయడానికి అయిదు సెంటీమీటర్ల వెడల్పు మాత్రమే మిగులుతుంది. ‘లక్ష్మీనర్సయ్య’ వంటి పేరును ఆ వెడల్పులో ఒకే వరుసలో ఇమడ్చాలంటే అక్షరాలు చీమలంత అవుతాయి. రెండుగా విరిస్తే పేరు పేరులా ఉండదు. దీనికి సులభమైన పరిష్కారం ట్యాగ్‌ను అడ్డంగా తిప్పి, రంధ్రాన్ని ఎడమవైపు పొట్టి అంచు దగ్గర పెట్టి, తొమ్మిది సెంటీమీటర్ల పొడవు వెంట రాయడం. రంధ్రానికీ అంచులకూ వదిలినది పోగా ఏడు సెంటీమీటర్ల వరకు రాత చోటు దొరుకుతుంది.

రెండో విషయం వరుసల ఎడం. మన అక్షరాలకు పైన తలకట్లు, గుడులు, కింద ఒత్తులు ఉంటాయి. ‘క్ష్మీ’ లాంటి చోట ఒత్తు కింద ఒత్తు కూడా వస్తుంది. వరుసకు వరుసకు మధ్య కనీసం ఒక సెంటీమీటరు వదలకపోతే పై వరుస ఒత్తులు కింది వరుస గుడుల్లో చిక్కుకుంటాయి. అయిదు సెంటీమీటర్ల ఎత్తున్న ట్యాగ్‌లో మూడు వరుసలకు మించి పెట్టకూడదని దీని అర్థం: ఒకటి ఇంటిపేరుతో సహా పేరుకు, ఒకటి ఊరికి, ఒకటి చిన్న శుభాకాంక్షకు. నాలుగో వరుస కావాలనిపిస్తే వెనుకవైపు ఖాళీగానే ఉంది. పెన్సిల్‌తో సన్నగా గీతలు గీసుకుని, రాత ఆరిన తరువాత రబ్బరుతో చెరిపేస్తే వరుస తిన్నగా వస్తుంది.

కలం ములుకు 0.5 నుంచి 0.7 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. అంతకంటే లావైన మార్కర్‌తో చిన్న ట్యాగ్‌మీద రాస్తే ‘ఘ’, ‘ణ’, ‘శ్రీ’ వంటి అక్షరాల లోపలి చోట్లు పూడిపోయి నల్లటి చుక్కలుగా మిగులుతాయి. సాధారణ రీఫిల్ పెన్ను సిరా నూనె ఆధారంగా చేసినది కనుక నీటిచుక్క పడినా పాకదు. అందంలో వెనుకబడినా నమ్మకంలో అదే ముందుంటుంది. జెల్ పెన్ను రాత ముదురుగా, కంటికి ఇంపుగా ఉంటుంది గాని, నునుపు కార్డుమీద ఆరడానికి కొంత సమయం తీసుకుంటుంది. చెయ్యి ఆనితే పులుముకుంటుంది. పిల్లలు ఇష్టపడే స్కెచ్ పెన్నుల రంగు నీటిలో కరిగేదే. పూలదండల పక్కన, తాంబూలం పళ్ళెంలో, అక్షింతల మధ్య కూర్చునే కానుకకు స్కెచ్ పెన్నుతో పేరు రాయడం అంటే పేరు పోగొట్టుకోవడానికి సిద్ధపడటమే. బొమ్మకు రంగు వేయడానికి దానిని వాడుకోండి, పేరుకు వద్దు. నల్ల కాగితంమీదా ముదురు గోధుమ కాగితంమీదా తెల్ల జెల్ పెన్ను చక్కగా పనిచేస్తుంది.

అలంకారం: ముద్రలు, ముగ్గులు, పూలు, చుట్టలు

అలంకారంలో ఏది ఎంచుకోవాలన్నది ఎన్ని ట్యాగ్‌లు చేయాలన్న దానినిబట్టి తేలుతుంది. అయిదారు చేయవలసినప్పుడు ఒక్కొక్కదానిమీద అరగంట కూర్చోవచ్చు. యాభై చేయవలసినప్పుడు కూర్చోలేము. యాభైకి ముద్రే మార్గం.

ముద్రల్లో బెండకాయను మించిన చవకైనది లేదు. అడ్డంగా కోసిన ముక్కను స్టాంపు ప్యాడుమీద అద్ది కాగితంపై ఒత్తితే అయిదు రేకుల పువ్వు పడుతుంది. తొడిమ వైపు నుంచి కొన వైపు పోయేకొద్దీ పువ్వు చిన్నదవుతుంది కనుక ఒకే కాయతో రకరకాల పరిమాణాలు వస్తాయి. ముక్కను మొదట పాత గుడ్డమీద ఒత్తి తడి తీయకపోతే రంగు చెదురుతుంది. ఆలుగడ్డలో ఆకారం చెక్కవచ్చు గాని, అది ఆ పూటకే పనికొస్తుంది, మరునాటికి ముడుచుకుపోతుంది. బొమ్మను మళ్ళీ మళ్ళీ వాడాలనుకుంటే పెద్ద రబ్బరు కొని కట్టర్‌తో చెక్కుకోవడం నయం. ఓరుగల్లు కోటలోని కాకతీయ తోరణం ఆకారం ఈ పనికి బాగా ఒదుగుతుంది, ఎందుకంటే దాని గుర్తింపంతా రెండు స్తంభాలు, పైన అడ్డదూలం అనే రేఖల్లోనే ఉంది. హంసలను, చెక్కడపు పనిని రబ్బరుమీద తేవాలని చూస్తే ముద్ర మసిబారుతుంది; బయటి గీతతో ఆపాలి. రామప్ప గుడిలోని నర్తకి శిల్పాలైన మదనికలను మాత్రం ముద్రగా ప్రయత్నించవద్దని సలహా ఇస్తాను. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన ఆ గుడి శిల్పాల సొగసు సూక్ష్మతలో ఉంది, రెండు సెంటీమీటర్ల రబ్బరులో అది ఒదగదు.

నాకు అన్నిటికంటే నచ్చేది ముగ్గు. గోధుమ లేదా నల్ల కార్డుమీద తెల్ల జెల్ పెన్నుతో చుక్కలు పెట్టి కలిపితే, ఖర్చు లేకుండా, పరికరం లేకుండా, వాకిట్లో ఉన్నంత కళ వస్తుంది. ట్యాగ్ కుడి చివర అయిదు చుక్కల ముగ్గుకు సరిపడా చోటు ఉంటుంది. రోజూ ముగ్గు వేసే చేతికి దీనికి వేరే శిక్షణ అక్కరలేదు. క్రాఫ్ట్ తరగతుల్లో నేర్చుకున్నవారికంటే ఇంటి పెద్దావిడ దీనిని వేగంగా, నేర్పుగా వేస్తుంది. ముద్రకు రంగు ప్యాడు కావాలి, కాగితపు చుట్టలకు ఓపిక కావాలి, పూలకు రోజులు కావాలి. ముగ్గుకు పెన్ను చాలు.

బతుకమ్మ రోజుల్లో ఇచ్చే కానుకలకు ఎండిన పూల ట్యాగ్‌లు ఎంతో తగినట్టుగా ఉంటాయి. పూలన్నీ ఒకే తీరుగా ఎండవు కనుక ఇక్కడ ఎంపిక ముఖ్యం. గునుగు పువ్వు సహజంగానే పొడిగా ఉండి, కోసిన తరువాత కూడా రూపు చెదరకుండా చాలాకాలం నిలుస్తుంది. చిన్న కంకులను విడదీసి అతికించుకోవచ్చు. తంగేడు రేకులు పలుచన కాబట్టి వార్తాపత్రిక పొరల మధ్య బరువు కింద పెడితే చదునుగా ఎండుతాయి. బంతి, చామంతి పూలను మొత్తంగా నొక్కితే మధ్యలో తడి మిగిలి బూజు పడుతుంది. రేకులు విడదీసి ఎండబెట్టాలి. నొక్కే కాగితాన్ని మొదటి రోజుల్లో మారుస్తూ ఉండాలి, మొత్తం ఎండడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. కనుక సద్దుల బతుకమ్మ నాటి కానుకకు కావలసిన పూలను, తంగేడు విరగబూసిన తొలిరోజుల్లోనే కోసి పెట్టుకోవాలి. అతికించిన తరువాత నీళ్ళు కలిపిన తెల్ల జిగురును బ్రష్షుతో పలుచగా పూస్తే రేకులు రాలవు. ఎండ తగిలేచోట పెడితే రంగు వెలుస్తుంది. పసుపుతో రంగు వేసిన కాగితానికీ ఇదే బలహీనత ఉంది. పైగా సున్నమో సబ్బునీళ్ళో తగిలితే పసుపు ఎర్రబారుతుంది.

సన్నని కాగితపు పట్టీలను చుట్టి చేసే క్విల్లింగ్ పువ్వులు ఫొటోలో బాగుంటాయి. ట్యాగ్‌మీద ఎత్తుగా నిలబడే ఏ అలంకారమైనా ఇంకొక డబ్బా మీద పడగానే నలిగిపోతుంది. చేతికి నేరుగా ఇచ్చే పుట్టినరోజు కానుకకు క్విల్లింగ్ సరే, కుప్పలో పడే పెండ్లి కానుకకు వద్దు. మెరుపుపొడి గురించి ఒక్కమాట చాలు: అది రాలుతుంది, రాలి తినే వస్తువులమీద పడుతుంది, కాబట్టి మిఠాయి డబ్బాలకు దానిని దూరంగా ఉంచాలి.

గుడ్డ, చెక్క ట్యాగ్‌లు

దర్జీ దగ్గర మిగిలే నూలు, పట్టు ముక్కలతో చేసిన ట్యాగ్‌లు చీరల కానుకలకు అందంగా ఒప్పుతాయి. గుడ్డను నేరుగా కోస్తే అంచు పోగులు లేస్తాయి, కొస వేలాడుతుంది. అట్టముక్కకు అతికించడం ఒక మార్గం, గంజిపెట్టి బిగుసుకునేలా ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, జిగ్‌జాగ్ కత్తెరతో కోయడం ఇంకొక మార్గం. గుడ్డను రాతకూ రంగుకూ అనువైన నేలగా మార్చే విద్య మన ప్రాంతంలో కొత్తది కాదు. చేర్యాల నకాషీ చిత్రకారులు ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, సుద్దమట్టి వంటివి కలిపి పూతలు వేసి, అది గట్టిపడిన తరువాతే బొమ్మ గీస్తారు. ఇంట్లో అంత శ్రమ అవసరం లేదు, పలుచని గంజి రెండు పూతలు చాలు. చేర్యాల తీరులో ఎర్రనేలమీద బొమ్మ గీసి ఇంటి కానుకకు కట్టుకుంటే తప్పులేదు గాని, అమ్మేటప్పుడు దానికి ఆ పేరు పెట్టకూడదు. ఆ పేరు ఆ చేతులకు చెందినది. బొమ్మ కావాలనే ఉంటే చేర్యాల కళాకారుల దగ్గరే చిన్న బొమ్మనో మాస్కునో కొని, పేరు చీటీని దానికి దారంతో కట్టడం గౌరవప్రదమైన పద్ధతి.

చెక్క విషయానికి వస్తే, నిర్మల్ బొమ్మలకు వాడే పొణికి తేలికగా, మెత్తగా ఉంటుంది గాని, ఆ చెట్టు కరవై బొమ్మలు చేసేవారికే దొరకడం కష్టంగా ఉన్నప్పుడు ట్యాగ్‌ల కోసం దానిని వెతకడం భావ్యం కాదు. ఐస్‌క్రీమ్ పుల్లలను పక్కపక్కన అతికించి చేసుకోవచ్చు, లేదా లేజర్ కటింగ్ చేసేవారి దగ్గర సన్నని ఎండీఎఫ్ (చెక్కపొడిని జిగురుతో నొక్కి చేసే అట్ట) పలకలు కోయించుకోవచ్చు. బరువు పెరుగుతుంది, గాజు సామానుమీద కొట్టుకుంటుంది. మట్టితో చేసే ట్యాగ్‌లది కూడా ఇదే ఇబ్బంది, పైగా అవి కిందపడితే విరుగుతాయి.

దారం, రంధ్రం, జిగురు

సుతిలి దృఢమైనది, ముడి జారదు, క్రాఫ్ట్ కాగితానికి సరిజోడు. దాని పోగులు రాలతాయి, పట్టుచీర అల్లికలో చిక్కుకుంటాయి కనుక చీర పెట్టెలోపల దానిని పెట్టకూడదు. సాటిన్ రిబ్బన్ మెత్తగా ఉండి పట్టుకు ఏ హానీ చేయదు, ముడి మాత్రం జారుతుంది. కోసిన కొసను అగరుబత్తి నిప్పుతో తాకిస్తే పోగులు లేవవు. నూలు దారం ఈ రెండింటికీ మధ్యస్థం. వరంగల్ జంపఖానాలు నేసే ముతక రంగు నూలు దొరికితే అంతకంటే మంచిది లేదు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన ఆ జంపఖానాలు నేసే కొత్తవాడలో తెలిసినవారుంటే మగ్గం దగ్గర మిగిలిన కొసలు అడగవచ్చు. ట్యాగ్‌కు కావలసింది జానెడు దారమే కదా. ఎర్రటి, నీలపు, ఆకుపచ్చ నూలు తెల్ల కార్డుమీద మరే అలంకారం అక్కరలేనంత నిండుగా కనిపిస్తుంది.

రంధ్రం మధ్యభాగం అంచుకు కనీసం ఒక సెంటీమీటరు దూరంలో ఉండాలి. అదే కార్డునుంచి చిన్న గుండ్రని ముక్క కోసి, వెనుకవైపు అతికించి, రెండు పొరలకూ కలిపి పంచ్ చేస్తే చిరగదు. ఇరవై అయిదు సెంటీమీటర్ల దారాన్ని మధ్యకు మడిచి, మడత కొసను రంధ్రంలోంచి దూర్చి, రెండు కొసలనూ ఆ మడతలోంచి లాగితే ముడి లేకుండానే బిగుస్తుంది. పిన్నుతో చీరకు గుచ్చడం, స్టేప్లర్‌తో సంచికి కొట్టడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు. తుప్పు మరక, చినుగు రెండూ కానుకనే పాడుచేస్తాయి.

అతికించడానికి ఫెవికాల్ వంటి తెల్ల జిగురు బలమైనదే, పలుచని కాగితాన్ని మాత్రం తడిపి ముడతలు పెడుతుంది. అక్కడ గ్లూ స్టిక్ వాడాలి. మెరుపు కాగితాలకు డబుల్ సైడ్ టేపు, గునుగు కంకులకు, చెక్కకు గ్లూ గన్ సరిపోతాయి. గ్లూ గన్ ములుకు చర్మం కాలేంత వేడిగా ఉంటుంది కాబట్టి పిల్లల చేతికి ఇవ్వరాదు.

రెండు వందల రిటర్న్ గిఫ్ట్‌లు ఉన్నప్పుడు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఇచ్చేవారి పేరు చేత్తో రాసే ట్యాగ్‌ల గురించి. రిటర్న్ గిఫ్ట్‌ల లెక్క వేరు: అన్నిటిమీదా ఒకే రాత, వధూవరుల పేర్లో పాపాయి తొట్టెల తేదీయో ఉంటుంది. దీనికి చేతిరాత శ్రమకు అర్థం లేదు. కంప్యూటర్‌లో టైపు చేసి అచ్చువేసే డీటీపీ సెంటర్‌లో ఎ4 కార్డుమీద పన్నెండేసి అచ్చువేయించి ఇంట్లో కోసుకోవచ్చు, లేదా రబ్బరు స్టాంపులు చేసే దుకాణంలో తెలుగులో స్టాంపు చేయించుకుని మనమే ఒత్తుకోవచ్చు. నేను స్టాంపువైపే మొగ్గుతాను. కార్డు ఎంత మందమున్నా, గరుకుదైనా, గుడ్డయినా ముద్ర పడుతుంది, మధ్యలో పది ట్యాగ్‌లు తక్కువైతే అప్పటికప్పుడు ఒత్తుకోవచ్చు. అచ్చులో రంగులు, బొమ్మలు వస్తాయి గాని మందం కార్డును ప్రతి యంత్రమూ తీసుకోదు కనుక ముందుగా ఒక షీటు ఇచ్చి చూడమనాలి.

రెండింటిలో ఏది ఎంచుకున్నా అచ్చుకు ముందు నమూనా చదవడం తప్పనిసరి. డీటీపీ సెంటర్లలో చాలాచోట్ల ఇప్పటికీ అను అనే పాత తరహా తెలుగు ఫాంట్లతోనే పనిచేస్తారు. మనం వాట్సాప్‌లో పంపిన యూనికోడ్ తెలుగు, అంటే ఫోన్లలో వాడే తెలుగు, వాటిలోకి నేరుగా ఒదగదు, మళ్ళీ టైపు చేయవలసి వస్తుంది. ఆ టైపులోనే ఒత్తులు తారుమారై, దీర్ఘాలు జారిపోతాయి. ఇంటిపేరులో ఒక ఒత్తు పోయినా బంధువులందరి చేతికీ అదే వెళ్తుంది కనుక నమూనాను ఇంట్లో ఇద్దరు చదివి సరేనన్న తరువాతే స్టాంపు చెక్కించాలి, షీట్లు అచ్చువేయించాలి.

మిగిలిన ట్యాగ్‌లను మూత గట్టిగా పడే స్టీలు డబ్బాలో చదునుగా పేర్చి దాచుకోవచ్చు. మైదా ఉడికించిన జిగురుతో అతికించినవైతే పురుగు పడుతుంది. పుస్తకాలు బైండు చేసేవారు దీనికోసమే జిగురులో కొద్దిగా మైలుతుత్తం కలుపుతారు. అది విషపదార్థం కాబట్టి పిల్లలు ముట్టే, మిఠాయి డబ్బాకు కట్టే ట్యాగ్‌లకు ఆ పద్ధతి పనికిరాదు. వచ్చే ఏటికి దాచాలనుకునేవాటిని మొదటినుంచీ తెల్ల జిగురుతోనే అతికించుకోవాలి.